అల్లుడుగారి ఎంపిక

కంప్యూటర్ దుకాణంలో అల్లుడుగారు మాట్లాడడం మొదలుపెట్టాక యజమాని చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు. శ్రద్ధగా వినాలని కాదు, ఇది ఇప్పట్లో తెమిలే వ్యవహారం కాదని.

"ఎన్ని కోర్లు, ఎన్ని కోర్లు అని అడుగుతారు అందరూ. తెలివితక్కువ ప్రశ్న. గేమ్ ఆడేవాడికి కావలసింది కోర్ల లెక్క కాదు మామయ్యగారూ, ఒక్కో కోరు ఎంత చురుగ్గా పనిచేస్తుందన్నది. నలుగురు సోమరిపోతులకన్నా ఒక్క పనిమంతుడు నయం. అర్థమైందా?"

మామయ్యగారికి అర్థం కాలేదు. అయినా తలూపాడు. బతుకంతా పత్రికాఫీసులో అచ్చుయంత్రం పక్కన నిలబడి, ఆ మోతకి ఒక చెవి పోగొట్టుకుని రిటైరైన మనిషి. ఎవరైనా ఆపకుండా మాట్లాడితే తలూపేయడం ఆయనకి అక్కడే అలవాటైంది.

ఆయన పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూతురు కూర్చుని ఉంది. మొగుడి మాటలు వింటోంది అనడం కన్నా భరిస్తోంది అనడం సబబు. ఆమె పళ్ళ ల్యాబ్‌లో పనిచేస్తుంది. డాక్టర్లు తీసి పంపిన అచ్చుల్ని బట్టి మైనంతో, పింగాణీతో కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. పొద్దస్తమానం నోళ్ళతోనే పని కాబట్టి ఏ నోటికి ఎంత పట్టుందో చూసి చెప్పగలదు. ఈ నోరు మాత్రం పెళ్ళయిన నాటి నుంచి ఒక్క పనికే తెరుచుకుంటోంది, తన గొప్ప తాను చెప్పుకోవడానికి.

ఇంతకీ కంప్యూటర్ కావలసింది మామయ్యగారికే. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ప్రెస్సులో ఆయనతో కలిసి పనిచేసిన ముగ్గురు, ఆయన, నలుగురూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని రోజూ సాయంత్రం ఇంటర్నెట్‌లో యుద్ధం ఆట ఆడతారు. నెత్తిన హెడ్‌ఫోన్లు తగిలించుకుని, దేశదేశాల కుర్రకారుని కాల్చిపారేస్తూ, ప్రెస్సులో నేర్చిన బూతులన్నిటికీ మళ్ళీ పదును పెట్టుకుంటారు. ఆ ముగ్గురిలో అప్పట్లో మిగతావాళ్ళమీద ఫోర్‌మన్‌గా ఉన్నాయన ఇప్పటికీ వాళ్ళకి ఫోర్‌మనే. చిక్కల్లా మామయ్యగారి ముసలి లాప్‌టాప్‌తో వచ్చింది. మిగతా ముగ్గురూ మేడెక్కి అవతలికి దూకేసరికి ఈయన బొమ్మ ఇంకా మెట్ల మీదే ఆయాసపడుతుండేది. "కొత్త మెషిన్ కొంటావా, నీ చోట్లో మా బావమరిదిని పెట్టుకోనా?" అని ఫోర్‌మన్ మొహమ్మీదే అడిగేశాడు. బావమరిది ఒకసారి వచ్చి కూర్చున్నాడంటే ఇక ఈయన్ని మళ్ళీ పిలిచేవాడుండడు. సాయంత్రం పూట గోడ చూస్తూ కూర్చోవలసిందే. ఆ భయంతోనే దాచుకున్నది బయటికి తీసి, అల్లుడుగారిని బతిమాలుకుని దుకాణానికి వచ్చాడు.

"మా మామయ్యగారు గేమింగ్ చేస్తారట!" అల్లుడుగారు యజమానికి కన్ను గీటాడు. "ఈ వయసులో చక్కగా వాకింగ్ చెయ్యక."

యజమాని నవ్వాడు. అమ్ముకునేవాడు నవ్వక ఏం చేస్తాడు? మామయ్యగారు కూడా నవ్వాడు. అది చూసి కూతురికి ఒళ్ళు మండింది.

క్యాబినెట్ల వరసలో మామయ్యగారు నల్లగా, సాదాగా ఉన్న ఒకదాని పైకప్పు తట్టి చూశాడు. రేకు మందం ఆయనకి నచ్చినట్టుంది. అల్లుడుగారు దాన్ని కాలితో వెనక్కి నెట్టి అద్దం తలుపుల క్యాబినెట్ ముందుకు లాగాడు. స్విచ్ వెయ్యగానే లోపల ఆకుపచ్చ, ఊదా, గులాబీ దీపాలు తిరిగాయి.

"ఈ లైట్లు ఆర్పుకోవచ్చా అల్లుడుగారూ?"

"ఆర్పుకోవడానికా మామయ్యగారూ లైట్లున్నది కొనేది?"

అట్టపెట్టె తెరిచి గ్రాఫిక్స్ కార్డు చూపించినప్పుడు మామయ్యగారు వేలు చాచాడు. "ముట్టుకోకండి, చెమట అంటుకుంటుంది," అన్నాడు అల్లుడుగారు. మామయ్యగారు వేలు వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. బంగారం కొట్లో తల్లి చెయ్యి వదిలిన పిల్లాణ్ణి అదిలించినట్టుంది ఆ అదిలింపు. కొనేది ఆయన, కొన్నాక వాడేదీ ఆయనే. మధ్యలో ఈ మనిషికి ఎవరిచ్చారు పెత్తనం అనుకుంది కూతురు. ఇచ్చింది నాన్నే అని గుర్తొచ్చి ఇంకా చిరాకుపడింది.

చివరికి పవర్ సప్లై దగ్గరికి వచ్చారు. ఇటుకంత నల్లటి పెట్టె, ఒకవైపు ఫ్యాను. అల్లుడుగారు దాన్ని రెండు చేతులా ఎత్తి గొంతు సవరించుకున్నాడు.

"అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది. దీని దగ్గర కక్కుర్తిపడినవాడు గాడిద. కార్డుకి బలం ఇవ్వాల్సింది ఇదే. పాడైన సప్లై పెట్టారా, ఆట రసవత్తరంగా ఉన్నప్పుడే టప్పున ఆగిపోతుంది. ఒక్కోసారి పోతూ పోతూ మిగతావాటిని కూడా తీసుకుపోతుంది. ఇంకోటి, దీని తీగలు దీనికే వాడాలి. వేరేదాని తీగలు సరిగ్గా పట్టినట్టే ఉంటాయి, పెడితే మాత్రం బోర్డు మాడుతుంది. అందుకే మంచిది తీసుకుంటున్నాం. మీకోసం."

ఈ జ్ఞానం ఎక్కడిదో కూతురికి బాగా తెలుసు. పోయిన నెలంతా అల్లుడుగారి సొంత కంప్యూటర్ సరిగ్గా శత్రువు ఎదురుపడ్డప్పుడే ఆరిపోయేది. కరెంటు వాళ్ళని తిట్టాడు, ఆట తయారుచేసిన వాళ్ళని తిట్టాడు, ఫ్రిజ్ తలుపు తీశావా అని పెళ్ళాన్ని తిట్టాడు. తీరా స్నేహితుణ్ణి పిలిచి చూపిస్తే సప్లై పోయిందన్నాడు. కొత్తది కొంటానంటూ రేపూ మాపూ అని దాటేస్తున్నాడు. తెచ్చుకున్న తెలివిని ఇప్పుడు మామగారికి వడ్డిస్తున్నాడు. పోనీలే, మంచి వస్తువే ఎంచాడు, ఆ మాత్రం చాలు అనుకుందామె.

ఆదివారం పొద్దున తమ ఇంట్లోనే భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి అల్లుడుగారు బిగింపు మొదలుపెట్టాడు. బల్లకి అటు ఆయన, ఇటు ఆమె. ఆపరేషన్ చేసే డాక్టరులా చెయ్యి చాచి "స్క్రూ" అంటే ఆమె స్క్రూ పెట్టాలి, "టార్చి" అంటే టార్చి చూపించాలి. ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణం గుర్తు చూసుకుని చోట్లో పెట్టి, మీట కిందికి దించాడు. దానిమీద వేడిని లాగే పేస్టు కందిగింజంత పూశాడు, చాలదేమోనని ఇంకాస్త పూశాడు, ఎక్కువైందని గుడ్డతో తుడిచి మళ్ళీ పూశాడు. ఆమె ల్యాబ్‌లో ఎవరైనా ఇలా మైనం పూస్తే సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. ర్యామ్ పలకలు టిక్కుమని కూర్చున్నాయి. ప్రతి టిక్కుకీ "చూశావా?" అన్నాడు.

"చూశాను."

"అందరికీ చేతకాదు ఈ పని."

"అవునవును."

సప్లై పెట్టె వంతు వచ్చింది. అల్లుడుగారు దాన్ని తెరిచి, తీగల సంచి బయటికి తీసి, ఒక తీగ అల్లికని వేళ్ళతో నిమిరాడు. కాసేపు అలాగే కూర్చున్నాడు. తరవాత, "కాస్త టీ పెట్టు," అన్నాడు.

ఆమె టీ తీసుకొచ్చేసరికి బల్ల దగ్గర మనిషి లేడు, సప్లై కూడా లేదు. పడగ్గది పక్కనున్న చిన్న గదిలో ఆయనగారి సొంత కంప్యూటర్ నేలమీద పక్కకి పడుకోబెట్టి ఉంది. అందులో కొత్త సప్లై అప్పటికే కూర్చుంది. వెనక స్క్రూలు కూడా బిగించేశాడు. ఆయనగారు గొంతుకూర్చుని, పాత సప్లైని ఒళ్ళో పెట్టుకుని, ఫ్యాను రెక్కల మీది దుమ్ముని ఆమె వంటింటి గుడ్డతో తుడుస్తున్నాడు. వేలు దూరనిచోట నోటితో ఊదుతున్నాడు.

"అదేంటది?" అంది.

"ఏముంది. సర్దుతున్నాను."

"అది నీ పాతది. పోయిందన్నావు."

"పోలేదు. అప్పుడప్పుడు అలుగుతుంది, అంతే. మీ నాన్న ఆడే ఆటకి ఇది చాలు. సాయంత్రం పూట నలుగురు ముసలాళ్ళు చేరి డబడబలాడించడానికి అంత పెద్ద సప్లై ఏం చేసుకుంటాడు? దండగ."

"అది మా నాన్న కొన్నది."

"ఎంచింది ఎవరు? సెలవు పూట దుకాణాల చుట్టూ తిరిగింది ఎవరు? ఇప్పుడు నడుం విరిగేలా బిగిస్తున్నది ఎవరు? బయట ఎవడైనా ఊరికే చేస్తాడా? ఆ మాత్రం కూలి అనుకో."

అత్తసొమ్ము అల్లుడు దానం అంటారు. ఈ అల్లుడు దానం కూడా చెయ్యడు, నొల్లుకుని తన గదిలో దాచుకుంటాడు. ఆమెకి కోపం కన్నా ముందు రోత పుట్టింది. పిల్లనిచ్చిన మామ దగ్గర, నోట్లో నాలుక లేని మనిషి దగ్గర, అదీ వంటింటి గుడ్డతో తుడిచి మరీ. ఈ మనిషితోనా నేను ఒకే కంచంలో తిన్నది అనుకుంది.

"అది మధ్యలో ఆగిపోతే వాళ్ళు నాన్నని తీసేస్తారు. ఆ ఫోర్‌మన్ సంగతి నీకు తెలుసు కదా?"

"ఆగదు. ఆగినా కొంపలేం మునగవు. అయినా మీ నాన్నకి లేని బాధ నీకెందుకు? కందకి లేని దురద కత్తిపీటకెందుకంట?"

"నాన్నకి చెప్తాను."

"చెప్పు." అల్లుడుగారు దుమ్ము చేతులు దులుపుకున్నాడు. "వెళ్ళి, నా మొగుడు దొంగ నాన్నా అని చెప్పు. ఏమంటాడు? పోనీలే అమ్మడూ అంటాడు. నీ కాపురంలో మాట వచ్చిందని బెంగపడి నాలుగు రోజులు అన్నం మానేస్తాడు. నీ ఇష్టం."

అదీ దరిద్రం. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నాన్న సరిగ్గా అదే అంటాడు, సరిగ్గా అలాగే చేస్తాడు. వెధవ, ఆ సంగతి కూడా లెక్కలో వేసుకునే చేస్తున్నాడు. 

అల్లుడుగారు పాత సప్లైని బల్ల దగ్గరికి మోసుకొచ్చి కొత్త క్యాబినెట్ అడుగున తోశాడు. "టార్చి," అన్నాడు. ఆమె కదల్లేదు. "టార్చి పట్టవే, స్క్రూ కనపడటంలేదు." ఆమె టార్చి తీసి పట్టుకుంది. "కాస్త ఇటు," అన్నాడు. కాస్త అటు జరిపింది.

ఆ సాయంత్రమే కంప్యూటర్‌ని పుట్టింటికి చేర్చారు. నాన్న తన చిన్న గదిలో కిటికీ పక్క బల్ల ఖాళీ చేసి ఉంచాడు.

"పొద్దుట్నించీ ఆ బల్లని తుడిచిందే తుడుస్తున్నాడు," అంది అమ్మ గుమ్మంలో నిలబడి. "నన్ను చేసుకుని తెచ్చినప్పుడు కూడా ఇంటికి ఇంత సింగారం చెయ్యలేదు."

"నువ్వు ఊరికే వచ్చావు, దీనికి బోలెడు పోశాను," అన్నాడు నాన్న. ఆయన అంత హుషారుగా మాట్లాడడం ఈమధ్య ఎవరూ చూడలేదు.

కరెంటు తీగ తనే పెడతానని నాన్న క్యాబినెట్ వెనక్కి వంగాడు. ప్లగ్గు చోటు దొరకలేదో ఏమో కాస్త ఆలస్యమైంది. లేచి, వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని, నడుం మీద చేతులు వేసుకుని కూతురి వైపు చూశాడు.

"నువ్వు కూడా దగ్గరుండే బిగించావా అమ్మడూ?"

ఆమె నోరు తెరిచేలోపే అల్లుడుగారు అందుకున్నాడు. "ఆవిడ లేకపోతే ఎలా మామయ్యగారూ? టార్చి పట్టుకుంది ఆవిడేగా!"

"ఊఁ," అంది ఆమె, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"మరింకేం," అన్నాడు నాన్న. క్యాబినెట్ నెత్తిమీద మెల్లగా తట్టి స్విచ్ నొక్కాడు. ఆకుపచ్చ, ఊదా, గులాబీ దీపాలు గోడమీద తిరిగాయి.

మొదటిరోజు బాగానే నడిచింది. రెండోరోజు అల్లుడుగారు ఆఫీసునుంచి వచ్చి సోఫాలో కాళ్ళు చాపుకుని ఉండగా ఫోన్ మోగింది. మామగారి పేరు చూసి స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాడు. కూర తరుగుతున్న పెళ్ళాం వినాలని కాబోలు.

"అల్లుడుగారూ, మీకు విశ్రాంతి వేళ ఇబ్బంది పెడుతున్నాను. ఆట మధ్యలో ఆరిపోయింది. నేనే ఏదో నొక్కినట్టున్నాను."

"గట్టిగా నొక్కారా?"

"కొంచెం ఆవేశంలో…"

"అదీ సంగతి. మామయ్యగారూ, కంప్యూటర్ అంటే మీ ప్రెస్సులో మెషిన్ కాదు, బాది నడిపించడానికి. సున్నితమైన వస్తువు. కీలు అలా మోదేస్తే లోపల షాక్ తగిలి ఆగిపోతుంది. మెల్లగా నొక్కండి. పువ్వుని ముట్టుకున్నట్టు ముట్టుకోవాలి."

"సరే అల్లుడుగారూ. అలాగే చేస్తాను."

"తప్పు మీది కాదులెండి. వయసు."

ఫోన్ పెట్టేసి పెళ్ళాం వైపు చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. ఆ నోటికి తనే కొత్త వరస కట్టే యోగం ఎప్పుడు పడుతుందా అని ఆమె ఒక్క క్షణం మనసారా అనుకుంది. కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. కీలు మోదితే షాక్! పసిపిల్లాడు కూడా నమ్మని అబద్ధం. దొంగతనం చేసినవాడు కనీసం నోరు మూసుకుని ఉంటాడు. ఈయనగారు దొంగతనం చేసి, సొమ్ము పోగొట్టుకున్నవాడికి నీతులు కూడా చెబుతున్నాడు. అక్కడ నాన్న 'సరే' అంటున్నాడు. 

మరునాడు ల్యాబ్‌లో పని తెమలక చీకటిపడేదాకా ఉండిపోతే అమ్మ ఫోన్ చేసింది.

"మీ నాన్న వాలకం చూడవే. ఆ కీలని వేలి చివర్లతో అలా అలా తాకుతున్నాడు. కాలిన పెనం మీద చెయ్యేసినట్టు. ఆ ఫోర్‌మన్ అరుపులు నాకు వంటింట్లోకి వినిపిస్తున్నాయి. నువ్వు తుపాకీ పేలుస్తున్నావా, పక్కింటి తలుపు తడుతున్నావా అంటాడు."

"ఆగిపోయిందా మళ్ళీ?"

"ఆగకేం. ఇవాళ కూడా ఆరింది. రేపు సాయంత్రం వాళ్ళకేదో పెద్ద పోటీ ఉందట. అప్పుడు గనక ఆరిందా, ఎల్లుండి నుంచి బావమరిది వస్తాడని చెప్పేశాడు ఆ ఫోర్‌మన్. మీ నాన్న అప్పటినుంచీ మాట్లాడటంలేదు. ఆ లైట్ల పెట్టె ముందు కూర్చుని దాన్నే చూస్తున్నాడు."

ఆమె చేతిలో సగం చెక్కిన దవడ పన్ను ఉంది. దాన్ని జాగ్రత్తగా అచ్చులో పెట్టి, మూత వేసి, రేపు రాను అని ల్యాబ్ పెద్దాయనకి చెప్పింది.

పొద్దున అల్లుడుగారు ఆఫీసుకి వెళ్ళగానే ఆమె చిన్న గదిలోకి వెళ్ళింది. ల్యాబ్ నుంచి తెచ్చుకున్న సన్న స్క్రూడ్రైవర్ చేతిలో ఉంది. క్యాబినెట్‌ని పక్కకి పడుకోబెట్టి వెనక స్క్రూలు తీసింది. సప్లై కదిలింది గాని రాలేదు. తీగలు పట్టుకున్నాయి. లావుపాటిది బోర్డుకి, ఒకటి పై మూలకి, ఒకటి కార్డుకి, సన్నవి డిస్కులకి. ఒక్కోదాని కొక్కెం గోటితో నొక్కి, లాగకుండా, కొద్దికొద్దిగా ఊపుతూ తీసింది. అచ్చులోంచి మైనపు పన్ను తీసేటప్పుడు చేసే పనే. దాని తీగలు దానికే అన్న పాఠం దుకాణంలో ఉచితంగా దొరికింది కాబట్టి తీగలన్నీ కూడా ఏరి సంచిలో వేసుకుంది. క్యాబినెట్ అడుగున చదరంగా ఖాళీ మిగిలింది. తలుపు బిగించకుండానే వదిలేసి బస్సెక్కింది.

తలుపు తీసిన నాన్న ముందు ఆమె మొహం చూశాడు, తరవాత సంచి చూశాడు.

"కంపెనీ వాళ్ళు మార్చి ఇచ్చారు నాన్నా," అంది. దారంతా వల్లెవేసుకున్న అబద్ధం. "ఆ మోడల్‌లోనే ఏదో లోపం ఉందట. అందరికీ మారుస్తున్నారట."

"అలాగా," అన్నాడు నాన్న. కుర్చీ పక్కకి జరిపి చోటిచ్చాడు.

ఆమె నేలమీద కూర్చుని పని మొదలుపెట్టింది. తీసిన ప్రతి స్క్రూనీ నాన్న అరచెయ్యి చాపి అందుకున్నాడు. పాత సప్లై బయటికి వచ్చింది. ఫ్యాను రెక్కల సందుల్లో బూడిదరంగు దుమ్ము ఇంకా పేరుకునే ఉంది. ఆమె దాన్ని గబగబా సంచిలోకి తోసేసింది. కొత్తది లోపలికి జరిపి, లావు తీగ బోర్డుకి పట్టించి, అది టిక్కుమనేదాకా నొక్కింది.  ఆఖరి స్క్రూ అరచేతిలోంచి తీసి ఇస్తూ నాన్న అడిగాడు.

"ఇప్పుడు అల్లుడుగారి దాన్లో ఏం పెడతారమ్మడూ?"

ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ జారి రేకుమీద ఠంగుమంది.

"నీకు తెలుసా?"

"దుకాణంలో సరుక్కి పట్టే దుమ్ము వేరు, ఇంట్లో నడిచిన దానికి పట్టే దుమ్ము వేరు. ఆ రోజు ప్లగ్గు పెడుతుంటే వేళ్ళకి అంటుకుంది."

"వచ్చిన రోజేనా? మరి అడగలేదేం నాన్నా?"

 నాన్న ఖాళీ అరచేతిని ఇంకో చేత్తో తుడుచుకున్నాడు.

"నిన్నడిగానుగా. దగ్గరున్నావా అని. ఉన్నానన్నావు. ఇద్దరూ అనుకునే చేసి ఉంటారు, వాళ్ళకి అవసరమై ఉంటుంది అనుకున్నాను. నేను నిలదీస్తే నువ్వు చిన్నబోతావు. ఎందుకొచ్చిన గొడవ."

"నేను ఒప్పుకోలేదు నాన్నా. చాలా గొడవ పడ్డాను."

"పడే ఉంటావులే," అన్నాడు నాన్న.

ఎంతో మెత్తగా అన్నాడు. చెంప పగలగొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. ఆమె గొడవ పడిన మాట నిజం. ఆ తరవాత కాస్త ఇటు అంటే కాస్త అటు టార్చి జరిపిన మాటా నిజమే. ఇన్ని రోజులూ మొగుణ్ణి మనసులో ఎన్ని మాటలు అనుకుంది. దొంగ, వెధవ, సిగ్గులేనివాడు. అలా అనుకున్న కొద్దీ తనకి ఆ పాపం అంటలేదనిపించేది. ఇక్కడ ఈ కుర్చీలో కూర్చున్న ముసలాయన లెక్కలో దొంగలు ఇద్దరు. అందులో ఒకళ్ళు తను పెంచిన పిల్ల. ఏడుపొచ్చింది. ఏడిస్తే నాన్నే ఓదార్చాల్సి వస్తుందని బిగబట్టుకుంది.

"మరి ఫోన్ చేసి నేనే ఏదో నొక్కాననడం ఎందుకు?"

"ఆగిపోతోంది కదా, ఏదో ఒకటి అనాలిగా. ఉన్నమాట అంటే అల్లుడుగారు మొహం ఎక్కడ పెట్టుకుంటారు? నా మీద వేసుకుంటే ఎవరికీ ఏమీ లేదు. మెల్లగా నొక్కమన్నారు, నొక్కాను. మీ అమ్మ ఎటూ మీకు చెబుతుంది, చెప్పినట్టు వింటున్నానని తెలుస్తుంది."

"అదిగో, నన్ను కూడా వాడుకున్నాడు చూడు!" అంది అమ్మ గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చిందో, అంతా వింది. "నాకు ఒక్క ముక్క చెప్పలేదే ఈ మహానుభావుడు. ఆ అల్లుణ్ణి ఏరి కోరి తెచ్చింది కూడా ఈయనే. అద్దాలు, లైట్లు చూసి తెచ్చాడు. లోపల ఏముందో ఎవరు చూశారు?"

"నువ్వూరుకో," అన్నాడు నాన్న.

"ఊరుకోబట్టే కొంప ఇలా ఏడ్చింది," అంది అమ్మ, కూతురి చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇస్తూ. ఆ మాట ఎవరిని అందో ఆమె విడదీసి చెప్పలేదు.

సాయంత్రం దాకా కూతురు అక్కడే ఉండిపోయింది. పోటీ మొదలైంది. నాన్న హెడ్‌ఫోన్ల మోత ఎంత పెద్దదంటే ఫోర్‌మన్ మాటలు గదంతా వినిపిస్తున్నాయి. మొదట నాన్న వేళ్ళు అలవాటు కొద్దీ మెల్లగానే పడ్డాయి. "ఏంటయ్యా ఆ తాకుడు! నిద్రపోతున్నావా?" అని అరిచాడు ఫోర్‌మన్.

"కొట్టు నాన్నా," అంది ఆమె వెనకనుంచి. "బాదెయ్. ఏం కాదు."

నాన్న తల తిప్పి ఒకసారి ఆమెని చూశాడు. తరవాత ఇక చూడలేదు. కీబోర్డు బల్లమీద ఎగిరెగిరి పడింది. ప్రెస్సులో ఆయన ఎలా ఉండేవాడో ఆమె ఎప్పుడూ చూడలేదు, ఇలాగే ఉండేవాడు కాబోలు. భుజాలు ముందుకి వాల్చి, పళ్ళు బిగించి, నోటివెంట వచ్చే బూతులకి అమ్మ చెవులు మూసుకునేలా. మేడ మెట్లు అందరికన్నా ముందు ఎక్కాడు. తెరనిండా పొగ, మంటలు, పరుగులు. కంప్యూటర్ ఫ్యాన్లు హోరుమన్నాయి గాని అది ఆరలేదు. చివరిదాకా ఆరలేదు. "బావమరిదికి ఇంకో పని చూసుకోమని చెప్పు!" అని నాన్న మైకులో కేకపెట్టాడు. అవతల ముగ్గురు ముసలాళ్ళు ఒక్కసారే విరగబడి నవ్వారు.

ఆమె కూడా నవ్వబోయింది, రాలేదు. నాన్న చెప్పులు సర్ది, సంచి భుజానికి తగిలించుకుని, వెళ్ళొస్తానంది. ఆయన హెడ్‌ఫోన్లు తియ్యకుండానే చెయ్యి ఊపాడు.

ఆఫీసులో ఆలస్యమైందేమో, ఆమె ఇల్లు చేరిన కాసేపటికి గాని అల్లుడుగారు రాలేదు. బూట్లు విప్పకుండానే చిన్న గదిలోకి వెళ్ళాడు. స్విచ్ టకటకలాడిన చప్పుడు. నిశ్శబ్దం. మళ్ళీ టకటక.

"నా సప్లై ఏదీ?"

"బల్ల మీదుంది," అంది ఆమె వంటింట్లోంచి.

అల్లుడుగారు బయటికి వచ్చాడు. భోజనాల బల్ల మధ్యలో, సరిగ్గా ఆయన కంచం పెట్టుకునే చోట, దుమ్ముతో సహా పాత సప్లై ఉంది.

"ఇది కాదు. కొత్తది."

"కొత్తది మా నాన్నది. మా నాన్న దగ్గరే ఉంది."

 అల్లుడుగారికి ఎవరిమీద అరవాలో తెలియలేదు. అరిస్తే ఏమని అరవాలి? నేను కాజేసిన వస్తువుని ఎవరో కాజేశారనా? తేలు కుట్టిన దొంగలా బల్ల చుట్టూ ఒకసారి తిరిగి కుర్చీలో కూలబడ్డాడు. ఇంకోరోజైతే ఆ మొహం చూసి ఆమెకి కడుపు నిండిపోయేది. ఇవాళ అది కూడా దక్కలేదు.

"మీ నాన్నకి చెప్పేశావా?"

"చెప్పాల్సిన పని పడలేదు. ఇంటికి చేరిన రోజే చూసుకున్నాడట."

అల్లుడుగారి మొహంలో రంగు దిగిపోయింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు చిట్లించాడు.

"ఆ రోజేనా? మరి నేను ఫోన్‌లో మెల్లగా నొక్కమని… పువ్వు అని… అదంతా తెలిసే విన్నాడా?"

"తెలిసే విన్నాడు. సరే అల్లుడుగారూ అని కూడా అన్నాడుగా."

"ఛ! ఎంత పని జరిగింది." రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నా గురించి ఏమనుకున్నాడో ఏంటో మీ నాన్న."

ఇప్పటికీ ఆయనగారి బాధ ఆయనగారి గురించే. ఆమె పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నీ గురించి ఆయన కొత్తగా అనుకోడానికి ఏముంది?" అంది. "నా గురించే అనుకున్నాడు."